ఎవరికి ఇచ్చిన మాట?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తెలుగు సంఘాలు పంచే వాగ్దాన కార్డుల మీద తరచూ కనిపించే వచనం యిర్మీయా 29:11. దేవుడు తన ప్రజలకు కీడు కాదు, మేలే తలపెట్టాడన్న మాట అది. కార్డు మీద ఆ ఒక్క వచనమే పడుతుంది. దానికి ముందున్న పదో వచనానికి చోటుండదు. అందులో డెబ్బై ఏళ్లు అని ఉంది.

ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజు యెకొన్యానూ, పెద్దలనూ, పనివాళ్లనూ యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా ఉత్తరం రాసి ఎల్యాశా, గెమర్యాలకిచ్చి పంపాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, ఆ పరాయి పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అన్నాడు. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని మందిరంలో జనం ముందు ప్రకటించాడు. ఎవరి మాట జనానికి తియ్యగా తోచి ఉంటుందో వేరే చెప్పాలా?

డెబ్బై ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోను మట్టిలోనే కలిసిపోతారు. అయినా మేలు చేస్తానన్న మాట వాళ్లకే వచ్చింది. ఈ సంగతి చెప్పి బోధించే పాస్టరుగారి నోట ఆ వచనం ఏమాత్రం చిన్నబోదు. ఉద్యోగం ఈ ఏడాదే వస్తుందని ఆయన చెప్పలేరు. అది రాని ఏళ్లలో కూడా దేవుడు విడిచిపెట్టడని చెప్పగలరు. ఆస్పత్రి మంచం పక్కన నిలిచేది ఆ రెండో మాటే.

మాట ఎవరికి, ఎప్పుడు వచ్చిందో చూశాక, షరతు ఉందో లేదో చూడాలి. ద్వితీయోపదేశకాండము 28లోని దీవెనలు దేవుని మాట వింటేనే. ఆదికాండము 15 అలా కాదు. అబ్రాము పెయ్యనూ, మేకనూ, పొట్టేలునూ రెండేసి ముక్కలుగా ఖండించి ఎదురెదురుగా పేర్చాడు. వాలిన గద్దల్ని తోలుతూ కూర్చున్నాడు. పొద్దుగుంకే వేళ అతనికి గాఢనిద్ర పట్టింది. చీకటి పడ్డాక పొగలేచే పొయ్యి, మండే జ్వాల ఆ ఖండాల నడుమ సాగిపోయాయి. దీని అర్థం యిర్మీయా 34లో దొరుకుతుంది: అలా నడిచినవాడు మాట తప్పితే ఆ పశువుకు పట్టిన గతే తనకూ పడుతుంది. ఇక్కడ అబ్రాము నడవలేదు, ఆ నిప్పు రూపంలో దేవుడొక్కడే నడిచాడు. మాట తప్పితే పడే శిక్షను దేవుడే తన మీద వేసుకున్న ఈ ఘట్టం నుంచి క్రైస్తవ బోధకుడు సిలువ దగ్గరికి వెళ్తే, ఆ దారి బలవంతంగా తొక్కినట్టు ఉండదు.

దేవుని వాగ్దానాలన్నిటికీ క్రీస్తులోనే అవునన్న జవాబు ఉందని పౌలు 2 కొరింథీయులకు 1:20లో రాశాడు. హెర్న్‌హూట్‌ అనే ఊళ్లోని మొరేవియన్ క్రైస్తవులు 1731 నుంచి ఏటా అచ్చువేస్తున్న అనుదిన వచనాల పుస్తకంలోనూ పాత మాటను క్రీస్తు వెలుగులో చదివే ఆ పద్ధతే కనిపిస్తుంది. పాత నిబంధన వచనాన్ని చీటీ తీసి ఎంచుతారు, దానికి జోడుగా కొత్త నిబంధన వచనాన్ని ఆలోచించి పెడతారు. అయితే ఇశ్రాయేలు పేరు కొట్టేసి మన పేరు రాసుకోవడం ఈ పద్ధతి కాదు. దేవుడు వాళ్లకిచ్చిన పిలుపును వెనక్కి తీసుకోడని రోమా 11లో చెప్పింది పౌలే. ఆ అధ్యాయాన్ని దాటేసే వాగ్దాన ప్రసంగం ఎంత ఉత్సాహంగా సాగినా అరకొరే.

లండన్ బోధకుడు స్పర్జన్ 1888లో రోజుకొక వాగ్దానం చొప్పున ఏడాదికి సరిపడా పుస్తకం తెచ్చాడు. చెక్కును బ్యాంకులో ఇచ్చినట్టు వాగ్దానాన్ని దేవుని ముందు పెట్టి అడగాలన్నది ఆయన బోధ. బబులోను చెరలో ఉన్న దానియేలు చేసింది సరిగ్గా అదే. బబులోను రాజ్యం పడిపోయాక, డెబ్బై ఏళ్ల లెక్కను యిర్మీయా గ్రంథంలో చదివి తెలుసుకున్నాడు. ఇక గడువు వచ్చేసిందని చేతులు కట్టుకు కూర్చోలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిదలో ఉపవాసముండి ప్రార్థించాడు. దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో నాలుగో వచనం నుంచి పంతొమ్మిదో వచనం దాకా ఉన్నది ఆ ప్రార్థనే. పాపం చేసింది మేమని, తననూ కలుపుకునే ఒప్పుకున్నాడు. అడిగింది కూడా తమ నీతిని చూసి కాదు, దేవుని కనికరాన్ని నమ్మి అడిగాడు.