“నిచిజో” హాస్యము – ప్రేక్షకాభిప్రాయ విమర్శనము

కరుణరసమున కనుభవితలు కానివారు లోకమున నరుదు. హాస్యరసమన్ననో, యొకనికి నవ్వుపుట్టించినది వేఱొకనికి విసుగుపుట్టించుట దినదినము చూచుచున్నదే. నవ్వురానివానిని తర్కముచే నవ్వింపఁజాలిన పండితుఁడు లేఁడు. అయినను నవ్వురామికి అతఁడు చెప్పిన కారణము సరియైనదా, కాదా యని విచారించుట విమర్శకునకు సాధ్యమే. జపానుదేశమున 2011 వ సంవత్సరమునఁ బ్రసారమైన “నిచిజో” యను చిత్రమాలను గూర్చి ప్రేక్షకులు వెలిబుచ్చిన యభిప్రాయము లట్టి విచారమున కనువైనవి. ఏలయన దీనిని నిందించినవారును, మెచ్చినవారును దఱచుగా నొకే లక్షణమును వ్రేలుపెట్టి చూపుచున్నారు. వారు దోషమనుచున్నదానినే వీరు గుణమనుచున్నారు.

జపానీయులు కదలుబొమ్మలతో నిర్మించు చిత్రములకు ఆనిమే యని పేరు. నిచిజో యనఁగా నిత్యము జరుగు సామాన్యజీవనమని యర్థము. అరవి కేయిచి యను చిత్రకారుఁడు 2006 నుండి “షోనెన్ ఏస్” అను మాసపత్రికలోఁ బ్రకటించుచు వచ్చిన బొమ్మలకథ దీనికి మూలము. క్యోటోనగరసమీపమందలి ఉజిపట్టణమున నెలకొన్న క్యోటో యానిమేషన్ సంస్థవారు ఇషిహర తత్సుయ దర్శకత్వమున దీనిని 26 భాగములుగా నిర్మించిరి. అవి 2011 ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వఱకు టెలివిజనులోఁ బ్రసారమయ్యెను.

ఇందలి పాత్రలు స్వల్పముగనే యున్నవి. యూకో, మియో, మై యను మువ్వురు బాలికలు ఒక యున్నతపాఠశాలలోఁ జదువుచుందురు. ఇంటిపాఠము వ్రాయ మఱచుట యూకోకు నిత్యకృత్యము. మియో వివేకవతియే కాని కోపము వచ్చెనా యాఁపరానిది. మై మితభాషిణి, ముఖమున నే వికారమును గానరానీయకయే చెలులను గలవరపెట్టును, తీఱికవేళల బుద్ధప్రతిమలను జెక్కును. వేఱొక యింట ఎనిమిదేండ్ల బాలిక గలదు. ఆమెను హకసే, అనఁగా ఆచార్యురాలు, అని పిలుతురు. ఆమె నిర్మించిన నానో యను యంత్రబాలిక యింటిపనులన్నియుఁ జక్కఁబెట్టుచు, తన వీపునఁ బొడుచుకొనియున్న పెద్ద తిరుగుడుకీని తొలఁగింపుమని వేఁడుకొనుచుండును. అది ముద్దుగా నున్నదని హకసే తీయదు. ఆ యింటనే సకమోతో యను నల్లపిల్లి యొకటి మెడకు ఎఱ్ఱగుడ్డ కట్టినప్పుడు మాటలాడును. వయసునఁ బెద్దవాఁడను గాన నన్ను గౌరవముతోఁ బిలువుఁడని పట్టుపట్టును.

ఈ చిత్రమాలపైఁ బ్రేక్షకులు చేసిన యాక్షేపములు ముఖ్యముగా మూఁడు. ఇందుఁ గథ లేదనునది మొదటిది. వేగ మధికమై యసంబద్ధమైన దృశ్యములు పైపైని వచ్చి పడుచుండుటచే బుద్ధికి నిలుకడ లేదనునది రెండవది. అల్పవిషయమునకు అపారమైన చిత్రకర్మను వెచ్చించిరనునది మూఁడవది. వీనిని వరుసగాఁ బరిశీలింపవలసియున్నది.

కథ లేదను మాట కొంతవఱకు సత్యమే. కాని యది దోషమగునా యనునది ప్రశ్న. ముక్తకమునఁ బ్రబంధమునకుఁ దగిన వస్త్వైక్యమును వెదకువాఁడు ముక్తకమును దప్పు పట్టుటలేదు. తాను వెదకిన చోటు తప్పినాఁడు. మూలమైన బొమ్మలకథయే చిన్నచిన్న ఖండికల సంపుటి. ప్రతి ఖండికయుఁ దనంతఁ దాను ముగియును. చిత్రమాలయు నా క్రమమునే పాటించినది. అయినను గథాతంతువు బొత్తిగా లేదనుట పూర్వభాగమును మాత్రము చూచి లేచిపోయినవారి తీర్పు. నానో పాఠశాలకుఁ బోవలెనని మొదటినుండియు నాశపడుచుండును. ఆ కోరిక 14 వ భాగమునఁ గాని తీఱదు. పిదప తాను యంత్రమని యొరు లెఱుఁగకుండ ఆమె పడు పాట్లును, అది యెఱిఁగియు నెఱుఁగనట్లు చెలులు మెలఁగు తీరును గ్రమముగా నొక కథయే యగుచున్నది. పూసలు వేఱువేఱుగాఁ గానవచ్చినను లోనఁ దారము గలదు.

వేగమును గూర్చిన యాక్షేప మింతకంటె బలమైనది. పాఠశాలాధ్యక్షుఁడు తోఁటలో నొక జింకతో మల్లయుద్ధమునకుఁ దలపడి, దానిని నడుము పట్టి వెనుకకు విఱుచుకొని పడవేయు ఘట్ట మొకటి గలదు. యూకో కిటికీనుండి చూచి నివ్వెఱపోవును. ఆ జింక యేల వచ్చినదో, ఆతఁ డేల పోరెనో యెవ్వరును జెప్పరు. ససహర యను బాలుఁడు మేఁకపై నెక్కి రాజకుమారునివలె బడికి వచ్చును. అతనియం దనురాగముగల మిసాతో యను బాలిక సిగ్గు కలిగినప్పుడెల్ల నెక్కడినుండియో ఫిరంగులను దీసి యతనిపైఁ బ్రయోగించును. అతఁడు చెక్కుచెదరక నిలుచును. ఇట్టివానికిఁ గారణమును వెదకుచుండఁగనే మఱియొక దృశ్యము వచ్చిపడుటచేఁ బ్రేక్షకుఁడు వెనుకఁబడును. మాటలను దిగువ నచ్చువేసిన యనువాదములో జదువుకొనవలసిన పరదేశీయుల కీ కష్టము ద్విగుణము.

ఇచ్చట నొక వివేకము కావలయును. మిసాతో ఫిరంగులకుఁ గారణము లేకపోలేదు. ఆమె సిగ్గే కారణము. లోనిభావ మెంత ప్రబలమో వెలుపలి చేష్ట యంత ఘోరము. శృంగారము రౌద్రవేషమును దాల్చి వచ్చినది. శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుఁడు చెప్పియున్నాఁడు. అనౌచిత్యమే హాస్యమునకు మూలమని యభినవగుప్తుఁడు దానిని విస్తరించెను. ఆ మార్గమునఁ జూచినచో నీ దృశ్య మసంబద్ధము గాదు. భావమునకును జేష్టకును గల ప్రమాణభేదమే యిందలి హాస్యము. మఱియు నీ చిత్రమాల యాద్యంతము వేగముగలది యనుటయు సరిగాదు. యూకో యొక కాఫీదుకాణమునకుఁ బోయి, పాత్రల పరిమాణములకుఁ బెట్టిన పరభాషాపదము లర్థముగాక, తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, ఏమేమో చెప్పి, తుదకుఁ జిన్నగిన్నెలోఁ గొంచెము చేఁదుకాఫీని బడసి నిలువఁబడు ఘట్టము మిక్కిలి మెల్లఁగా నడచును. అందలి నిశ్శబ్దములే నవ్వు పుట్టించును. వేగమును నిలుకడయు నొకదానికొకటి యొరపిడిరాయి. వేగమును మాత్రము లెక్కించినవారు తాళమున దెబ్బలనే విని విరామములను విడిచినవారు.

మూఁడవ యాక్షేపమే యీ విచారమునకు జీవము. దీనిబలము తెలియుటకు జపానీయ చిత్రనిర్మాణపద్ధతిని గొంత యెఱుఁగవలయును. చలనచిత్రమున సెకనునకు 24 ఛాయలు నడచును. ప్రతి ఛాయకును వేఱుబొమ్మ గీయుట బహువ్యయసాధ్యము. 1963 జనవరిలోఁ దెజుక ఒసాము “తెత్సువాన్ ఆతోము” అను చిత్రమాలను వారమువారము టెలివిజనున కందింపఁబూనినపుడు, బొమ్మలసంఖ్యను దగ్గించి, యొకే బొమ్మను బహుక్షణములు నిలిపి, గీసినవానినే మరల మరల వాడు మితవ్యయమార్గమును బ్రసిద్ధి కెక్కించెను. పిదపివారికి నదియే రాజమార్గమయ్యెను. సామాన్యముగా నొక బొమ్మను మూఁడు ఛాయలవఱకు నిలిపి, సెకనునకు 8 బొమ్మలతోఁ గార్యము నెఱవేర్తురు. నిండు చలనమును యుద్ధములకును, సాహసములకును దాఁచియుంతురు. హాస్యమునకు, అందును బడిపిల్లల పరిహాసమునకు, అట్టి సంపదను వెచ్చింపరు.

నిచిజో యీ మర్యాదను దలక్రిందు చేసినది. మొదటిభాగమున యూకో మధ్యాహ్నభోజనము చేయుచుండఁగా, ఆమె పట్టుకొన్న పుల్లలనుండి చిన్న మాంసపుముక్క యొకటి జాఱును. దానిని నేల పడకుండఁ బట్టుటకు ఆమె చేయు ప్రయత్నము మహావీరుఁడు రాజ్యము కొఱకుఁ జేయు తుదిపోరువలెఁ జిత్రింపఁబడినది. మఱియొకచో, మియో తన యింటిపాఠపుపుస్తకమును యూకో కెరవిచ్చిన పిమ్మట, అందుఁ దాను రహస్యముగా గీసికొన్న బొమ్మ యున్నదని జ్ఞప్తికి రాఁగా, దానిని మరలఁ దీసికొనుటకుఁ బడు తహతహ ప్రాణసంకటమునకుఁ దగినట్లున్నది. నోమి యూజి కూర్చిన సంగీతమును నట్టి ఘట్టములఁ బరిహాసధోరణి నెఱుఁగనట్లు గంభీరముగా నడచును.

“ఇంత శ్రమ యింత యల్పమునకా?” యని ప్రేక్షకు లడిగిరి. ప్రశ్న సరియైనదే. కాని యడిగినవారు తాము హాస్యబీజమునే పట్టుకొని దోషమని పాఱవేసిరి. అననురూపములైన రెండింటిని ఘటించుట విషమాలంకార మని యాలంకారికు లెఱుఁగుదురు. ఆ యలంకార మిచ్చట మాటలలోఁ గాక చేతిపనిలోనే నిక్షిప్తమైనది. శ్రమ కొంచెము తగ్గినచో నవ్వును దగ్గును. మాంసపుముక్క పాటును మూఁడు బొమ్మలతో ముగించినచో నది చిన్న ప్రమాదము మాత్రము. దానికి మహాయుద్ధపుఁ జలనము నిచ్చినప్పుడే యదియొక బాలిక హృదయమున నెంత పెద్దదియో తెలియును. బాల్యమున నెరవిచ్చిన పుస్తకములోని బొమ్మ నిజముగనే ప్రాణసంకటము. పెద్దలకది యల్పము, ఆ వయసువారి కది సర్వస్వము. చిత్రకారులు పెద్దల కొలతను విడిచి పిల్లల కొలతతోఁ గొలిచిరి. నిత్యజీవనమను పేరు సార్థకమైనది.

ఇంతమాత్రముచే నాక్షేపించినవా రందఱును నరసికులని త్రోసివేయుట న్యాయము గాదు. ఈ చిత్రమాలలోఁ బైనిఁ జెప్పిన సంబంధము తెగిన ఘట్టములు గలవు. నడుమనడుమఁ జేర్చిన “హెల్వెటికా స్టాండర్డు” అను పొట్టిఖండికలు గొన్ని ప్రధానపాత్రలతోఁ బొత్తులేక వింతను వింతగనే చూపి ముగియును. అధ్యక్షుని శ్లేషలు జపానుభాష నెఱుఁగనివారికి వివరించి చెప్పినను నవ్వుగా మాఱవు. జింకపోరాటమునందును నవ్వుకంటె నాశ్చర్యమే యధికము. అద్భుతము హాస్యపుఁ బీఠమునఁ గూర్చున్నది. భయమో, సిగ్గో, ఆఁకలియో, చెలిమియో యేదేని యొక మానుషభావము వెనుక నున్నచోఁ గల్పన యెంత విపరీతమైనను నిలుచును. భావము లేనిచో విపరీతత్వము విపరీతత్వముగనే మిగులును. నిందించినవారి తీర్పు రెండవజాతి ఘట్టములకుఁ జెల్లును. దానిని మొదటిజాతికిఁ గూడ వర్తింపఁజేయుటయే వారి పొరపాటు.

ఈ యభిప్రాయములకుఁ గాలక్రమమునఁ గలిగిన మార్పు గమనింపఁదగినది. ప్రసారకాలమున స్వదేశమందు డిస్కుల విక్రయము స్వల్పముగా నుండెను. 2012 లో ఎన్.హెచ్.కే. సంస్థ దీనిని 12 భాగములుగాఁ గూర్చి తన విద్యాప్రసారశాఖయందుఁ జూపెను. ఉత్తరఅమెరికాలో దీనిని బ్రకటింపఁ బూనిన సంస్థ యా యేడే క్రొత్త ప్రకటనలను మానుకొనుటచే, అచ్చటివారికి డిస్కులు 2017 వఱకు లభింపలేదు. ఇట్లు మెల్లమెల్లఁగాఁ జేరిన పరదేశప్రేక్షకులలోనే దీనికి గాఢాభిమానులు బయలుదేఱిరి. కొందఱు వేఱుచేసిన చిన్నఘట్టములను మాత్రము చూచి, పిదపఁ బూర్ణచిత్రమును వెదకికొని వచ్చిరి. ఖండికకు ఖండికయే సంపూర్ణమగుట యిందులకుఁ దోడ్పడెను. కథ లేదన్న లోపమే ప్రచారమునకు మార్గమయ్యెను.

2019 జులై 18 న నొకఁడు క్యోటో యానిమేషన్ వారి కార్యశాలకు నిప్పుపెట్టఁగా 36 మంది మరణించిరి. అటుపిమ్మట నీ సంస్థ చిత్రములను జూచువారి దృష్టి మాఱినది. ఒకప్పుడు వ్యర్థశ్రమ యనిపించిన ప్రతిరేఖయు నిప్పు డమూల్యమనిపించుచున్నది. ఈ భావము మానవసహజము, గౌరవార్హము. కాని విమర్శకుఁ డిచ్చట జాగరూకుఁడై యుండవలయును. శోకము హాస్యమునకు సాక్ష్యము గాఁజాలదు. పోయినవారిపై జాలిచే వారి పరిహాసమును మెచ్చుట వారి విద్యకు గౌరవము గాదు. వారు కోరినది కన్నీరు గాదు, నవ్వు. 2011 లో నిందించినవాఁడు కారణము చెప్పి నిందించెను గావున, నేఁడు మెచ్చువాఁడును గారణము చెప్పియే మెచ్చవలయును. ఆ కారణము చిత్రమునందే కలదు గాన వెలుపలికిఁ బోవలసిన యగత్యము లేదు.

అరవి కేయిచి రచించిన “సిటీ” యను వేఱొక బొమ్మలకథను అదే సంస్థ ఇషిదతె తయిచి దర్శకత్వమునఁ జిత్రమాలగా నిర్మింపఁగా, 2025 జులైలోఁ బ్రసార మారంభమయ్యెను. మొదట లాభింపని మార్గమునే యా సంస్థ మరలఁ ద్రొక్కినది. దీనివలనఁ బూర్వప్రేక్షకులు తప్పిరని సిద్ధింపదు. వారు చూచినదానినే వేఱువిధమునఁ జూడవచ్చునని మాత్రము తెలియుచున్నది.

భరతుఁడు హాస్యమునకు స్మితము మొదలు అతిహసితము వఱకు నాఱుభేదములను జెప్పెను. నిచిజో వానిలోఁ దుదిదానిని గోరి యార్భటించుచున్నట్లు తోఁచును. కాని యార్భటము ముగిసిన పిమ్మట ప్రేక్షకుని ముఖమున మిగులునది స్మితమే. జాఱిన మాంసపుముక్కకై పోరాడిన బాలికను జూచి మొదట బిగ్గరగా నవ్వినవాఁడు, చిన్ననాఁడు తానును నట్టి యల్పములకై యంతటి యుద్ధములు చేసితిననుట జ్ఞప్తికి వచ్చి చిఱునవ్వు నవ్వును. ఆ చిఱునవ్వు దొరకినవానికి శ్రమ యధికమని తోఁపదు. దొరకనివాని యాక్షేపమును నిరర్థకము గాదు. ఎచ్చట భావము తెగినదో యది చూపును.