కొయ్య లేత్‌కు పాత సామాను

మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, కవ్వాలు, పప్పుగుత్తులు, బొంగరాలు చాలావరకు లేత్ మీద తిరిగి రూపు దిద్దుకున్నవే. విజయవాడ పక్కనున్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చేతితో చెక్కి బొమ్మలు చేస్తారు. లేత్ పని గొప్పతనం తెలియాలంటే మాత్రం అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక చూడాలి. అక్కడ అంకుడు కర్రను ఉలితో మలిచి, అది తిరుగుతుండగానే రంగు లక్కను అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అతుక్కుంటుంది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

లేత్ మిషన్ ఒక్కటి కొంటే పని మొదలుకాదు. కర్రను పట్టే చక్, వెడల్పు పలకను బిగించే ఫేస్‌ప్లేట్, ఉలిని ఆనించే టూల్‌రెస్ట్, అవతలి కొసను మోసే సెంటర్, ఉలులు కావాలి. వీటి ఖర్చు ఒక్కోసారి మిషన్ ధరను మించిపోతుంది. కొత్తగా పని నేర్చేవారికి పాత సామాను అందుకే ఆసరా.

మొదట చూడవలసింది మర. లేత్ తిప్పే ఇరుసు (స్పిండిల్) మీద ఎక్కే చక్‌కు లోపలి మర ఉంటుంది. అంగుళం మందం, అంగుళానికి 8 చుట్ల మర ఒక రకం. 33 మిల్లీమీటర్ల మందం, 3.5 మిల్లీమీటర్ల పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) మరొకటి. కొనేవారు తమ స్పిండిల్ మరకు సరిపోలే బోల్టును వెంట తీసుకెళ్ళి, చక్‌లో తిప్పి చూడడం మేలు. మొదటి రెండు చుట్లు పట్టినంత మాత్రాన మర కుదిరిందనుకోకూడదు; చివరిదాకా చేతితోనే సాఫీగా దిగాలి.

సెంటర్లు పట్టేది మోర్స్ టేపర్, అంటే కొసకు సన్నబడే వాలు. దీని 1వ నంబరు వెడల్పు కొస సుమారు 12 మిల్లీమీటర్లు, 2వ నంబరుది 17.8. ఇనుప లేత్‌లకూ, డ్రిల్లింగ్ మిషన్లకూ ఇదే టేపర్ వాడతారు కనుక, లారీల మరమ్మతుకు పేరుపొందిన విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట పాత డ్రిల్ చక్ దొరికినా, నంబరు కలిస్తే కొయ్య లేత్ అవతలి కొసనుండే టెయిల్‌స్టాక్‌లో కూర్చుంటుంది. టేపర్ నున్నగా ఉండాలి. పైపై తుప్పు కిరసనాయిలుతో, సన్న ఎమెరీ కాగితంతో పోతుంది. గుంటలు పడిన టేపర్ మాత్రం పట్టు ఇవ్వదు.

చక్ దవడలు నాలుగింటి మీదా 1 నుంచి 4 వరకు అంకెలుంటాయి. నాలుగూ ఒకే సెట్‌వి కావాలి, అంకెల వరసలోనే ఎక్కించాలి. ఒకటి పోతే బయటి దవడ తెచ్చి కలపడం చాలా కష్టం. చక్ తాళంచెవితో దవడలను పూర్తిగా తెరిచి, మూసి చూస్తే లోపలి అరుగుదల బయటపడుతుంది.

ఉలుల విషయంలో మిగిలిన పొడవే విలువ. సానరాయికి ఆనిస్తే కార్బన్ ఉక్కు తెల్లని రవ్వల్ని పువ్వుల్లా విరజిమ్ముతుంది. హైస్పీడ్ ఉక్కు రవ్వలు ఎర్రగా, పలచగా రాలతాయి. సానకు నీలం తిరిగితే కార్బన్ ఉలి పదును నిలవదు, హైస్పీడ్ ఉలికి ఆ భయం లేదు.

అమ్మేవారు మర కొలతను, టేపర్ నంబరును ముందే చెప్పాలి. చక్ నుంచి తాళంచెవిని, దవడలను విడదీసి అమ్మకూడదు. పగులును రంగుతో కప్పడం నేరంతో సమానం: వేగంగా తిరిగే చక్ విరిగితే ముక్క తగిలేది ఎదురుగా నిలబడిన మనిషికే. పగిలిన చక్‌ను తూకానికి పాత ఇనుముగానే అమ్మాలి.