గోడ నుంచి ఊడదీస్తే బొమ్మ మిగులుతుందా?

పోయిన దీపావళికి నాయిన మా ఇంటి బయటి గోడకి సున్నం వేయించాడు. నాలుగు రోజులు కాకముందే ఎవరో రాత్రిపూట వచ్చి ఎర్ర రంగుతో ట్యూషన్ క్లాసుల ఫోన్ నంబరు అచ్చు కొట్టి పోయారు. ఒకసారి కాదు, వరుసగా మూడుసార్లు. నాయిన పొద్దంతా తిట్టాడు. ఆయనతోపాటు నేనూ తిట్టాను. అట్లాంటి నేను ఇప్పుడు గోడల మీది అచ్చుబొమ్మలను మెచ్చుకుంటూ వ్యాసం రాస్తున్నాను. ఇది ఎట్లా కుదురుతుందో చెప్పాలి కదా!

మా కాక కంపెనీ పనిమీద మూడు నెలలు పారిస్‌లో ఉండి వచ్చాడు. ఆయన ఫోన్‌లో ఐఫిల్ టవర్ ఫోటోలు రెండే ఉన్నాయి. గోడల ఫోటోలు మాత్రం వందకు పైన ఉన్నాయి. కరెంటు డబ్బాల మీద, మెట్ల పక్కన, మూసేసిన దుకాణాల తలుపుల మీద చిన్న చిన్న నల్లబొమ్మలు. "ఇవన్నీ స్టెన్సిల్‌తో వేసినవి" అని కాక చెప్పాడు. ఆ మాట మాకు కొత్త కాదు. సోలాపూర్‌లో చద్దర్ల కార్ఖానాకు పోయినవాళ్ళెవరైనా మూటల మీద రేకు అచ్చు పెట్టి నంబర్లు వేయడం చూసే ఉంటారు. అదే పద్ధతిలో మనిషి ముఖం కూడా వేయవచ్చని నాకు తెలియదు, అంతే.

ఎట్లా వేస్తారో తెలుసుకోవాలని పాత ఎక్స్‌రే ఫిలిం తీసుకుని, దాని మీద "రంగు" అని రాసి బ్లేడుతో కత్తిరించాను. "ర" చుట్టూ కత్తిరించగానే మధ్య ముక్క ఊడి కింద పడింది. సున్నా కూడా అంతే. రంగు కొడితే రెండు నిండు మచ్చలు వచ్చాయి, అక్షరాలు రాలేదు. మా డ్రాయింగ్ సార్ చూసి నవ్వి, లోపలి ముక్కను బయటి ఫిలింతో పట్టి ఉంచేటట్టు సన్నటి కట్లు వదలాలని చెప్పారు. అప్పుడు అర్థమైంది. స్టెన్సిల్‌లో కత్తిరించింది ఎంత ముఖ్యమో, కత్తిరించకుండా వదిలింది కూడా అంతే ముఖ్యం. ముఖం వేయాలంటే ఏది నీడ, ఏది వెలుగు, ఏది ఏదానిని పట్టుకుని ఉంటుంది అని ముందే ఆలోచించాలి. ఇంటి దగ్గర గంటల పని. గోడ దగ్గర ఒక నిమిషం పని.

ఆ ఒక నిమిషం కోసమే చాలామంది ఈ పద్ధతి పట్టుకున్నారు. పారిస్‌లో బ్లెక్ ల రా అనే పేరుతో వేసే క్సేవియే ప్రూ 1981లో గోడల మీద నల్ల ఎలుకలను అచ్చు కొట్టడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులోనైనా ఫ్రెంచిలోనైనా "ఆర్ట్" అనే మాటలోని అక్షరాలను అటూ ఇటూ మారిస్తే ఎలుక అనే మాట వస్తుంది. అందుకే ఆయనకు ఎలుక అంత ఇష్టం. అనుమతి లేకుండా వేసేవాడు కాబట్టి 1991లో పోలీసులకు దొరికాడు. తర్వాత కాగితం మీద ముందే వేసి పెట్టుకుని గోడకు అంటించడం ఎక్కువ చేశాడు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నుంచి వచ్చిన బ్యాంక్సీది కూడా ఇట్లాంటి కథే. పోలీసులకు భయపడి ఒక లారీ కింద దాక్కున్నప్పుడు దాని మీది అచ్చు అక్షరాలు కనబడి, ఇంత త్వరగా అయ్యే పద్ధతి ఉందే అని తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. బ్యాంక్సీ అసలు పేరేమిటో ఆయన ఇప్పటికీ బయటపెట్టలేదు.

త్వరగా వేయడం ఒక్కటే గొప్ప కాదు. మా గోడ మీద ట్యూషన్ నంబరు కూడా త్వరగానే వేశారు. నాకు తోచిన తేడా ఇది: మంచి అచ్చుబొమ్మ తన గోడను తానే వెతుక్కుంటుంది. అది ఆ చోట ఉంటేనే పూర్తవుతుంది.

ఈ మాటకు మొదటి సాక్ష్యం 1966 నాటిది. ఫ్రాన్స్ దక్షిణాన ఆల్బియోన్ పీఠభూమిలో అణు క్షిపణులను భూమిలోపల పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఎర్నెస్ట్ పిన్యోఁ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడు ఆ ప్రాంతంలోని గోడల మీద, రాళ్ళ మీద ఒక మనిషి నీడను అచ్చు కొట్టాడు. అది హిరోషిమా ఫోటోలోని నీడ. అక్కడ బాంబు పడినప్పుడు ఆ వెలుగు ముందు నిలబడ్డ మనిషి ఆకారం గోడ మీద నీడలాగా మిగిలిపోయింది. ఒక్కసారి ఆలోచించండి. స్టెన్సిల్‌లో రేకు రంగును అడ్డుకుంటుంది. హిరోషిమాలో మనిషి శరీరమే వెలుగును అడ్డుకుంది. బాంబు మనిషిని అచ్చురేకు చేసింది! అందుకే ఆ నీడకు స్టెన్సిల్ కంటే తగిన పద్ధతి లేదు, క్షిపణులు రాబోయే ఆ ఊళ్ళ కంటే తగిన చోటు లేదు. అదే నీడను గదిలో ఫ్రేము కట్టి పెడితే మంచి బొమ్మ అంటాం. అక్కడి రాతి మీద ఉంటే "రేపు ఇది నువ్వే" అంటుంది.

అన్నీ దొంగచాటుగా వేసినవే ఉండవు. కాక తీసిన ఫోటోల్లో అన్నిటికంటే పెద్దది జెఫ్ ఎరోసోల్ 2011లో వేసిన బొమ్మ. పారిస్‌లో పాంపిడూ సెంటర్ పక్కన, స్ట్రావిన్‌స్కీ ఫౌంటెన్ ఎదుట ఒక పెద్ద భవనం గోడ మీద ఉంది. దాదాపు 350 చదరపు మీటర్లు. చిత్రకారుడు తన ముఖమే వేసుకున్నాడు. కళ్ళు పెద్దవి చేసి, పెదవుల మీద వేలు పెట్టి "ష్..." అంటున్నాడు. పక్కనే ఆయన గుర్తు ఎర్ర బాణం. అనుమతితోనే వేశాడు. నిజం చెప్తే, ఫోటోలో మొదట చూసినప్పుడు నాకు సినిమా పోస్టర్ లాగా అనిపించింది. అంత పెద్దగా ఉంటే చూడక తప్పదు. నడుస్తుంటే అనుకోకుండా కనబడే చిన్న బొమ్మలోని సంతోషం దీంట్లో లేదు. కానీ కాక ఒక వీడియో కూడా తీశాడు. ఆ చోట నీళ్ళ చప్పుడు, పిల్లల అరుపులు, టూరిస్టుల గోల. వీటన్నిటి మీద ఆ వేలు ఉంది. అప్పుడు బాగుందనిపించింది. "నోరు మూసుకోండి" అనడం లేదు, "కాసేపు వినండి" అంటున్నాడు. చప్పుడు లేని చోట ఆ వేలికి పని లేదు.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన బొమ్మ సంగతి. డ్రాయింగ్ సార్ కంప్యూటర్‌లో చూపించారు. 2012 మే నెలలో లండన్ ఉత్తరాన వుడ్ గ్రీన్ అనే పేటలో, చవక సామాన్లు అమ్మే దుకాణం పక్కగోడ మీద కనబడింది. బ్యాంక్సీ వేసిందే. ఒక చిన్న పిల్లవాడు మోకాళ్ళ మీద వంగి కుట్టుమిషను నడుపుతున్నాడు. మిషను నుంచి బ్రిటన్ జెండాల తోరణం బయటికి వస్తోంది. ఎలిజబెత్ రాణి పట్టానికి అరవై ఏళ్ళు నిండిన సంబరాలు ఆ జూన్‌లోనే జరగబోతున్నాయి. ఊరంతా అట్లాంటి తోరణాలే. పిల్లవాడు నలుపు తెలుపు. తోరణం మాత్రం రంగుల్లో ఉంది. అది గీసింది కాదు, గోడకు తగిలించిన నిజమైన తోరణం. పండుగ రంగులన్నీ తోరణానికి పోయాయి, కుట్టినవాడికి ఏ రంగూ మిగలలేదు. చవక సామాన్ల దుకాణం గోడ కాబట్టి, చవక ఎట్లా వస్తుందో కూడా అదే చెబుతోంది.

ఆ బొమ్మ ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. అమ్మ మిషను మీద ఉంది. మా అమ్మ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పీసుకింత అని లెక్క. జూన్ వచ్చిందంటే అర్ధరాత్రి దాకా మిషను చప్పుడే. అమ్మ కాలు ఆపి కాగితం అందుకుని చాలాసేపు చూసింది.

"వీడు వంగిన తీరు చూడు బిడ్డా. సూది కనబడతలేదు వీడికి. వెలుతురు తక్కువున్న చోట కూసుండి కుడితే గిట్లనే వంగుతరు."

"నీకెట్ల తెలుసమ్మా?"

"ఐదో తరగతిల బడి ఆపి నన్ను మిషను మీద కూసుండబెట్టిన్రు. నాకు తెల్వదా?"

అమ్మ ఐదో తరగతితో ఆపిందని నాకు తెలుసు. ఎందుకు ఆపిందో ఏనాడూ అడగలేదు. లండన్ గోడ మీది బొమ్మ చూసినాక అడిగాను. బ్యాంక్సీ బొమ్మలు ఒక్క చూపులో అర్థమైపోతాయి, రెండోసారి చూడటానికి ఏమీ ఉండదు అని కొందరు విమర్శిస్తారు. కొన్ని బొమ్మల విషయంలో ఆ మాట నిజమే అనిపిస్తుంది, అవి పేపర్లో కార్టూన్ లాంటివి. కానీ ఈ బొమ్మలో నేను చూడనిది అమ్మ చూసింది. నేను తోరణం చూశాను, అమ్మ వెన్ను చూసింది.

తర్వాత ఏమైందో వినండి. 2013 ఫిబ్రవరిలో ఒకరోజు ఆ గోడ ముక్క మాయమైంది. ఎవరో బొమ్మను గోడతో సహా కోసి తీశారు. కొన్నిరోజులకు అమెరికాలోని మయామీలో వేలం జాబితాలో కనబడింది. "మా పేట బొమ్మ మాకు ఇవ్వండి" అని వుడ్ గ్రీన్ జనం గొడవ చేస్తే అక్కడ వేలం ఆగింది. కానీ అదే ఏడాది జూన్‌లో లండన్‌లోనే అమ్ముడుపోయింది. ఏడున్నర లక్షల పౌండ్లకు పైనే పలికిందని పత్రికలు రాశాయి. ఖాళీ అయిన గోడ దగ్గర ఎవరో ఒక ఎలుకను అచ్చు కొట్టారు. దాని చేతిలో అట్ట, అట్ట మీద ఒకటే మాట: "ఎందుకు?"

గోడ యజమానిది కాబట్టి అమ్ముకునే హక్కు ఆయనకే ఉందని కొందరు వాదించారు. హక్కు సంగతి కోర్టులు చూసుకుంటాయి. నేను బొమ్మ సంగతే అడుగుతున్నాను. చవక దుకాణం పక్కన, కాలిబాట మీద పోయేవాళ్ళ మోకాళ్ళ ఎత్తులో కూర్చున్న పిల్లవాణ్ణి తీసుకుపోయి ధనవంతుల హాల్లో పెడితే, వాడు ఇంకెవరికి కనబడాలి? తోరణాలు కొనేవాళ్ళకు కనబడాలని కదా వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది. కొన్నవాళ్ళకు దక్కింది బొమ్మలో సగమే. మిగతా సగం వుడ్ గ్రీన్ వీధిలోనే ఉండిపోయింది.

ఇంకొక ఉదాహరణ మరీ బాధాకరమైనది. 2015 నవంబరు 13న పారిస్‌లో బాటక్లాన్ అనే సంగీతశాల మీద ఉగ్రవాదులు దాడి చేస్తే అక్కడే 90 మంది చనిపోయారు. ఎంతోమంది పక్కనున్న అత్యవసర తలుపు గుండా పారిపోయి బతికారు. 2018లో బ్యాంక్సీ ఆ తలుపు మీద, దుఃఖంతో తలవంచుకున్న ఒక ఆకారాన్ని తెల్లరంగుతో వేశాడు. 2019 జనవరిలో దొంగలు ఆ తలుపునే కోసుకుపోయారు. 2020లో ఇటలీలోని ఒక పల్లె ఇంట్లో దొరికింది, ఫ్రాన్స్‌కు తిరిగి ఇచ్చారు. దొంగలకు అది ఖరీదైన బొమ్మ. పారిస్ వాళ్ళకు అది తమవాళ్ళు ప్రాణాలు దక్కించుకున్న తలుపు.

"గోడ మీదే వదిలేస్తే వానకు పోతుంది, లేకపోతే ఎవరో రంగు పూస్తారు. తీసి దాచడమే మంచిది కదా?" అని మా క్లాసులో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పోతే పోనీ అంటాను నేను. మన ఇంటి ముందర పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. చెరిగిపోతుందని ఎవరూ వేయడం మానలేదు. అదే ముగ్గును ఎవరో వాకిలితో సహా తవ్వుకుపోయి అమ్ముకుంటే ఊరుకుంటామా?

ఇప్పుడు మా గోడ సంగతికి వస్తాను. ట్యూషన్ ప్రకటన ఏ గోడ మీదైనా ఒకటే. దానికి మా గోడ తెలియదు, మేము తెలియదు. వచ్చి చోటు తీసుకుంది, మాకు ఏమీ ఇవ్వలేదు. నేను చెప్పిన బొమ్మలు చోటు తీసుకున్నాయి కానీ, ఆ చోటుకు ఒక మాట ఇచ్చిపోయాయి. ఇంత చెప్పినా నాయిన ఒప్పుకోలేదు. "బొమ్మ మంచిదైనా అడిగి వెయ్యాలె. సున్నం పైసలు నాయి" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నాయిన మాటలో కూడా న్యాయం ఉంది.

అందుకే హెడ్ మాస్టర్ గారిని అడిగి, సైకిల్ స్టాండు వెనక గోడ మీద ఒక మూరెడు చోటు తీసుకున్నాను. అమ్మ కుట్టుమిషను బొమ్మను ఎక్స్‌రే ఫిలిం మీద కత్తిరించి, నల్లరంగు కొట్టాను. చక్రం దగ్గర ఒక కట్టు తెగి కొంచెం మరక అయింది. పక్కన మనిషిని వేయలేదు. ఆ మిషను ముందు ఎవరు కూర్చుంటారో చూసేవాళ్ళు ఆలోచించాలి. మా బడిలో చాలామంది అమ్మలు కుడతారు. మనం తొడుక్కున్న యూనిఫారం కూడా ఎవరో ఒకరు కుట్టిందే.

మొన్న మీటింగుకు వచ్చినప్పుడు అమ్మ చూసింది. "చక్రం వంకరున్నది" అని మాత్రం అన్నది. ఎండాకాలం సెలవుల్లో బడికి మళ్ళీ సున్నం వేస్తారు. ఆలోపల వచ్చి చూడండి.