అరమండి లేని తరంగము

ఢిల్లీలో కూచిపూడి మాట వచ్చినపుడెల్ల తరంగము మాట రాక మానదు. ఇత్తడి పళ్ళెపు టంచుపై పాదములు నిలిపి, తలపై చెంబు తొణకకుండ, మృదంగపు జతిని పళ్ళెముతోనే పలికించుచు రంగస్థలమంతయు తిరుగు నర్తకిని చూచి పరవశింపని వారుందురా? అయితే ఆ పళ్ళెమునకు నడక యంతయు వంగిన మోకాలినుండి వచ్చును. ఆ మోకాలికి పట్టు, ఏండ్ల తరబడి ప్రతిదినము ప్రొద్దున విసుగులేక చేసిన అరమండి నుండి వచ్చును.

పాదములను పక్కలకు త్రిప్పి, మోకాళ్ళను వెలుపలికి వంచి, వెన్ను నిటారుగా నిలుపుటయే అరమండి. ఆ నిలుకడతో అడవును, అనగా నృత్యమునకు మూలమైన అడుగుల కూర్పును, మొదట విలంబముగను, పిదప తాళము మారకయే రెట్టింపుగను, ఆపై నాలుగు రెట్లుగను చేయింతురు. మూడవ కాలమునకు వచ్చునప్పటికి అపక్వమైన శరీరమున మోకాళ్ళు తెలియకయే లేచును, మొండెము ముందునకు వాలును, మడమ దెబ్బ పలుచబడి గజ్జెల మ్రోతలో కలిసిపోవును. గజ్జెలు విప్పించి ఉత్త పాదములతో చేయించినచో ఈ లోపములన్నియు చెవికే పట్టువడును. కనుకనే మంచి గురువు తట్టుకఱ్ఱతో కాలమును పెంచుటకంటె, వెనుకకు త్రిప్పి మొదటి కాలము మరల చేయించుటకే ఎక్కువ శ్రమించును. కూచిపూడి అడుగులో ఒక లాఘవము, ఒక తూగు కలదు; స్థిరత్వము గల దేహమున అది శోభ, లేనిచోట అది వట్టి ఊగిసలాట. హస్తముల సంగతియు నంతే: అభినయదర్పణము చెప్పిన 28 అసంయుత హస్తములను వల్లించుట కొలది దినముల పని. పతాకమున వ్రేళ్ళ నడుమ సందు రాకుండ అడవు ముగియువరకు నిలుపుట మాత్రము కొలదిదినములలో సిద్ధించునది కాదు.

కూచిపూడి పుట్టుకను గూర్చి సిద్ధేంద్రయోగి కథయు, ఆ ఊరివారికి తానీషా ప్రభువు అగ్రహారమిచ్చెనను మాటయు అందరు వినినవే. 1958 లో ఈ ఢిల్లీలోనే సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా యను వివాదము రేగినది. దానికి సమాధానము పండితుల వాదములకంటె నర్తకుల పాదములే చెప్పినవని నా నమ్మకము. వెంపటి చినసత్యంగారు 1963 లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, అడవులకు ఒక క్రమము కల్పించి పాఠముగా తీర్చిరి; ఆ మహానుభావుని ఋణము తీరునది కాదు. మదనపల్లెలో పుట్టి, చింతా కృష్ణమూర్తి వంటి ఉద్దండులకడ కూచిపూడి నభ్యసించి, ఢిల్లీనే నివాసముగా చేసికొని 2024 లో కన్నుమూసిన యామినీ కృష్ణమూర్తిగారి తీర్మానము చూచితిరా? మెరుపువలె సాగిన జతి చివరి అక్షరమున దేహమంతయు శిలయై నిలిచెడిది. ఆ నిలుపుదల యెంతటి సాధన ఫలము! ఆదిలాబాదు జిల్లా నుండి వచ్చి, ఏలూరున వేదాంతం ప్రహ్లాదశర్మగారికడ నేర్చి, 1976 లో ఇచ్చట నాట్యతరంగిణిని నెలకొల్పిన రాజా-రాధారెడ్డి దంపతులు జంటగా ఆడునపుడు రెండు జతల పాదములకు ఒక్కటే మ్రోత. అట్టి జంట మరియొకటి నాకు కనబడలేదు.

ఇంతటి వైభవము కన్నులారా చూచిన నగరముననే నేడు జరుగుచున్న దానికి కడుపు మండుచున్నది. అడవులు ముగియకమునుపే అరంగేట్రము! ఫోనులో వీడియో చూచి నేర్చిన జతి, ముందే రికార్డు చేసిన పాట, తాళముతో జతులు పలుకు నట్టువాంగము లేదు గనుక కాలము తప్పినను తప్పినదని చెప్పువారు లేరు. మోకాలు వంగని బిడ్డను పళ్ళెమెక్కించి, నాలుగడుగులు జరుగగానే చప్పట్లు కొట్టుదురు. దీనిని తరంగమందుమా? తరంగములు రచించిన నారాయణతీర్థుల పేరు తలచుటకైన సిగ్గు కలుగవలదా? ఈ నగరము పేరనే వెలసిన తబలా ఘరానావారు ఒక్క కాయిదాను గంటలకొలది వాయించి రియాజ్ చేయుదురు. కథక్ వారు తత్కారమను పాదాభ్యాసమును జీవితాంతము విడువరు. ఇరుగుపొరుగున ఇట్టి నిష్ఠ యుండగా తెలుగు తల్లిదండ్రులే అడ్డుదారి వెదకుట నాకు దుస్సహము.

నోయిడానుండియు గురుగ్రామ్ నుండియు గురువునింటికి చేయు ప్రయాణము, పాఠశాల పరీక్షలు — ఈ కష్టములు నేనెరుగనివి కావు. కాని అరమండికి మెట్రో అక్కరలేదు. బాల్కనీలో దినమునకు అరగంట చాలును, అది ఒక్కనాడును తప్పకుండినచో.

రాజధానిలోని తెలుగు సంఘముల పెద్దలారా, మీకొక విన్నపము. రాబోవు ఉగాది సభలో పిల్లల పళ్ళెములను పక్కనబెట్టి, ప్రత్యక్ష నట్టువాంగముతో అడవులకే ఒక పావుగంట కేటాయింపుడు. వానిని మూడు కాలములలోను మోకాలు లేవకుండ చేసిన బిడ్డకే మరుసటి యేడు తరంగమునకు అవకాశ మిత్తుమని ఆహ్వానపత్రికలోనే అచ్చువేయింపుడు.