మాస్టారి బీరువాలోకి వెళ్లిన ఫోను

పోయిన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు. మన బడుల సైకిల్ స్టాండు గోడ మీది ఈ మాట చదివి, ఇంక అడగడానికేం లేదనుకుని తల్లిదండ్రులు వెనుదిరుగుతారు. కానీ 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం అంత తేలిగ్గా వదలదు. అప్పగించిన వస్తువును, అలాంటి సొంత వస్తువైతే మామూలు వివేకం గల మనిషి ఎలా చూసుకుంటాడో అలా చూడాలని 151వ సెక్షన్ అంటుంది. అంత శ్రద్ధ పెట్టినా పోతే, వేరే ఒప్పందం లేనంతవరకు 152వ సెక్షన్ ప్రకారం బాధ్యత లేదు.

ఇంగ్లండు న్యాయమూ ఇదే గూటిది. 1703లో బెర్నార్డ్ అనే మనిషి కూలి లేకుండా బ్రాందీ పీపాలు మోసి పాడుచేస్తే, ఉచితంగా చేశాడు కదా అని హోల్ట్ న్యాయమూర్తి ఊరుకోలేదు. అయితే ఆయన అప్పగింతలను ఆరు రకాలు చేసి వేర్వేరు కొలతలు పెట్టాడు. మన చట్టం మాత్రం అన్నిటికీ ఒకే కొలత పెట్టింది. బడుల విషయంలో నాకు ఈ ఒకే కొలత నచ్చుతుంది. వార్డెన్ తన గదిలో తాళం వేసి దాచిన పెట్టె ఫీజు కట్టిన పిల్లవాడిదైనా, గురుకులంలో ఉచితంగా చదివే పిల్లవాడిదైనా శ్రద్ధ ఒకటే.

గోడ మీది రాత సంగతిలోనూ రెండు దేశాలూ దగ్గరివే. నిర్లక్ష్యం నుంచి తప్పించుకునే షరతు సమంజసంగా లేకపోతే చెల్లదని ఇంగ్లండు 1977లోనే చట్టం చేసింది. అలాగే, పార్కింగుకని తాళం చెవులు తీసుకున్న కారు పోతే, పూచీ యజమానిదేనన్న షరతు చూపి హోటలు తన నిర్లక్ష్యాన్ని కప్పుకోలేదని మన సుప్రీంకోర్టు 2019లో తాజ్‌మహల్ హోటల్ కేసులో తేల్చింది. బడి మనిషి తాళం తీసుకున్న సైకిలుకూ ఈ తర్కం వర్తించాలనే నా వాదన. బెంచీ మీద వదిలేసి ఆటకు పోయిన సంచికి మాత్రం అక్కడా ఇక్కడా ఈ అప్పగింత సూత్రం ఆసరా దొరకదు.

దారులు చీలేది మాస్టారు లాక్కున్న ఫోను దగ్గర. ఇంగ్లండులో 2006 నాటి విద్యా చట్టం 94వ సెక్షన్, ఆ స్వాధీనం చట్టబద్ధమైతే తర్వాత వస్తువు పోయినా టీచరుకు రక్షణ ఇస్తుంది. మన సుప్రీంకోర్టేమో 1967లో, కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న లారీలను అప్పీలు తేలకముందే అమ్మేసిన గుజరాత్ కేసులో, ఒప్పందం లేకున్నా పట్టుకున్నవాడికి కాపాడే బాధ్యత ఉంటుందని చెప్పింది. బీరువా తాళం మాస్టారి దగ్గరుండగా ఫోను పోతే బడిని ప్రశ్నించడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. ఇక్కడ మన తీర్పుకే నా ఓటు.

దొంగను వెతికే చోట మాత్రం ఇంగ్లండు ముందుంది. దొంగసొత్తు ఉందన్న సహేతుక అనుమానం ఉంటే, విద్యార్థి ఒప్పుకోకున్నా సోదా చేయవచ్చని అక్కడి చట్టం అంటుంది. దాంతోపాటే, సోదా చేసేవారు సాధారణంగా అదే లింగానికి చెందినవారై ఉండాలనీ, మరో ఉద్యోగి ఎదుట జరగాలనీ, పై దుస్తులు తప్ప విప్పించకూడదనీ హద్దులు గీసింది. మన 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును నిషేధించింది కానీ సోదా ఎలా జరగాలో చెప్పలేదు. ఇక్కడ వాచీ పోయిన పూట క్లాసంతా చేతులు కట్టుకుని నిలబడుతుంది, ముందుగా తెరిచేది పేద పిల్లవాడి సంచినే. అది ఆగాలంటే ఆ హద్దులు మనకూ రాతలో ఉండాలి.