రాయకోటలో శంఖాన్ని ఫోటో తీయడం

తమిళనాడులోని రాయకోట నుంచి ఎటు పోయినా సముద్రం కనీసం 200 కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడి పల్లెల్లో పెరటాసి నెల శనివారం శంఖం వినపడకుండా గడవదు. నొసట నామం, చేతిలో గరుడకంబం, భుజాన జాగటతో వైష్ణవ దాసుడు దాసప్ప వాకిట్లో నిలబడి శంఖం ఊదితేగానీ తళిగ నైవేద్యం పూర్తయినట్టు కాదు. ఎద్దుల మెడ పట్టెడల్లో గవ్వలు, అరుగుల మీద ఆటలో గవ్వలు, దేవుడి గూట్లో చిన్న శంఖం. సముద్రపు చిప్పల ఫోటో అనగానే ఇసుకా అలలూ తలచుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. తరాలుగా చేతులు మారి అరిగిన మన ఇళ్ల శంఖాలూ గవ్వలూ ఒడ్డున ఏరుకునేవాటి కంటే మంచి బొమ్మలవుతాయి. దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక కిటికీ, ఒక తెల్ల పంచె, ఒక నల్ల కంబళి ఉంటే చాలు.

ముందు వెలుగు సంగతి. శంఖం ఒళ్లంతా నున్నగా కనిపిస్తుంది గానీ, మొన దగ్గర చుట్ల అంచుల్లో చిన్న చిన్న గణుపులుంటాయి, ఒంటి మీద సన్నటి గీతలుంటాయి. నీళ్లలో ఉన్నప్పుడు దాన్ని కప్పి ఉండే గోధుమరంగు పొరను గీకేసి మెరుగు పెట్టినా వాటి జాడ పూర్తిగా పోదు. ఎదురుగా ఫ్లాష్ వేశామా, అవన్నీ మాయమై సున్నపు ముద్ద ఒకటి మిగులుతుంది. వెలుగు పక్క నుంచి, కాస్త పై నుంచి ఏటవాలుగా రావాలి. అప్పుడు ఒక్కో చుట్టూ తన నీడను పక్క చుట్టు మీద వేస్తుంది. గుండ్రదనాన్ని కంటికి చెప్పేది ఆ నీడే. నీడ మరీ నల్లబడితే అవతలి పక్క ఒక తెల్ల అట్ట నిలబెట్టాలి. ఆ అట్టను దగ్గరికి జరుపుతూ, దూరం చేస్తూ చూడండి. వేలెడు దూరానికే బొమ్మ మారిపోతుంది.

ఉత్తరపు కిటికీ వాడమని యూరప్ వాళ్ల పుస్తకాలన్నీ చెబుతాయి. అక్కడ నడిపొద్దు ఎండ ఎప్పుడూ దక్షిణం వైపు నుంచే వస్తుంది కాబట్టి ఉత్తరపు వెలుగు ఏడాది పొడవునా మెత్తగా ఉంటుంది. రాయకోట ఉన్నది పన్నెండున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపునే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీకి పంచె కట్టక తప్పదు. ఉతికి పలచబడిన తెల్ల పంచె అయితే మరీ మంచిది. ఎండ దాని మీద పడి పరుచుకుని గదిలోకి మెత్తగా వస్తుంది. మిగతా నెలల్లో దక్షిణపు కిటికీకి ఇదే పని చేయాలి.

రంగు విషయంలో శంఖం చాలా మోసం చేస్తుంది. తెల్లటి వస్తువు ఎదుట పడితే కెమెరా దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా పెంచుకుంటేనే తెలుపు తెలుపుగా వస్తుంది. మరీ పెంచితే గీతలు కరిగిపోతాయి కాబట్టి, బాగా మెరిసే చోట ఆ గీతలు ఇంకా కనిపిస్తున్నాయో లేదో తెర మీద బొమ్మను పెద్దది చేసి చూసుకోవాలి. ఇక మన గోడలు. ముదురు పచ్చ, నీలం సున్నాలు వేసిన గదిలో తెల్ల శంఖం ఆ రంగునంతా ఒంటికి పూసుకుంటుంది. కింద నల్ల కంబళి పరిచి, గోడ వైపు తెల్ల గుడ్డ వేలాడదీస్తే ఆ బాధ తప్పుతుంది. కంబళి వెలుగును మింగేస్తుంది, మెరవదు. నోటి లోపలి లేత నారింజ ఛాయ ఆ నలుపు పక్కన చక్కగా తేలుతుంది. శంఖం మీద పసుపు, కుంకుమ ఉంటే తుడవకండి. ఆ ఇంట్లో దాని బతుకు అదే.

గవ్వల కథ వేరు. గవ్వలోని జీవి తన ఒంటి పొరను పెంకు మీదికంతా కప్పుకుని బతుకుతుంది. అందుకే ఆ పెంకుకు అంత మెరుపు. ఆ మెరుపులో కిటికీ, కెమెరా, మనం అందరం కనిపిస్తాం. అన్ని మెరుపులనూ చంపేయాలని చూడకూడదు, గవ్వ చచ్చినట్టు ఉంటుంది. పొడుగ్గా ఒకే ఒక్క తెల్లటి గీత వీపు మీదుగా పారేలా గవ్వను తిప్పుకోవాలి. ఎద్దు పట్టెడలో గవ్వలకైతే వీపు కోసేసి, పళ్లున్న నోటివైపు బయటికి పెట్టి కుడతారు. వరసగా ఉన్న ఆ నోళ్లను ఎదురుగా తీస్తే అలంకారపు అంచులాగే ఉంటుంది, కళ్లు నిలవవు. పట్టెడను ఫ్రేములో ఓ మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా పరిచి, గవ్వ ఊడిపోయి దారం పోగు మిగిలిన చోట ఫోకస్ పెట్టి చూడండి. ఆ ఖాళీ వల్ల మిగతా వరస కనిపిస్తుంది.

దగ్గరి నుంచి తీసేటప్పుడు ఫోకస్ లోతు బియ్యపు గింజంత కూడా ఉండదు. ఎఫ్11 దగ్గర పెట్టి, ట్రైపాడ్ మీద నిలిపి, వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్‌తో తీయాలి. అమెరికా ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1927లో నాటిలస్ గుల్లను తీసిన ఫోటోలు ఇవాళ్టికీ చిప్పల ఫోటోలకు కొలమానం. అప్పటి ఫిల్ముకూ, ఆయన పెట్టుకున్న అతి చిన్న లెన్స్ రంధ్రానికీ గంటల తరబడి వెలుగు కావాల్సి వచ్చేది. ఆలోగా ఇల్లు అదిరితే అంతే. మనకు సెకను చాలు గానీ, టమాటా మండీకి లారీలు పోయే రోడ్డు పక్క ఇంట్లో ఆ సెకను కూడా ఎక్కువే. లారీ వెళ్లిపోయేదాకా ఆగండి.

దాసప్ప చేతిలో ఉన్నప్పుడు శంఖం అందం ఇంకా ఎక్కువ. మొన కోసి బిగించిన ఇత్తడి, పెదవి ఆనే చోట అరిగి తళతళలాడుతుంది. “సామీ, కాస్త వాకిలి వెలుగు పక్కకు తిరగండి” అని అడిగితే కాదనరు. ఊదేటప్పుడు బుగ్గ నిండే క్షణం కోసం చూస్తూ, శంఖం నోరు తెరుచుకున్న వైపు కొంత చోటు వదలాలి. ఆ చోటు లేకపోతే శబ్దం ఫ్రేముకు కొట్టుకుని ఆగిపోయినట్టుంటుంది.

ఫోటో కోసమని చిప్పలు కొనేవాళ్లకు ఒక మాట. నాటిలస్ వంటి కొన్ని జాతులను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. అలాంటివాటి జోలికి పోవద్దు. ఒడ్డున పడి ఉన్న ఖాళీ గుల్ల కూడా రేపు ఒక సన్యాసి పీతకు ఇల్లవుతుంది.

అన్నిటికన్నా నేను గట్టిగా పట్టుబట్టేది బొమ్మను అద్దంలోలా తిప్పకూడదని. 1650లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఒక శంకు గవ్వను రాగిరేకు మీద ఉన్నది ఉన్నట్టు గీశాడు. అచ్చు వేసేసరికి చుట్టు తిరగబడింది. సంతకం మాత్రం సరిగ్గానే పడేలా చూసుకున్నాడు. మన దగ్గర ఆ తిరగబాటుకు వెల ఉంది. మామూలు శంఖాన్ని మొన కిందికి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే ఆ నోరు ఎడమ పక్కన తెరుచుకుంటుంది. కుడి పక్కన తెరుచుకునేది వలంపురి, దక్షిణావర్తం. అది ఎక్కడో గానీ దొరకదు, కాబట్టి దాని పేరున మోసాలు ఎక్కువ. సెల్ఫీ కెమెరా తిప్పేసినా, పేజీలో ఇమడాలని ఎడిటర్ తిప్పేసినా ఏ ఇంటి శంఖమైనా కాగితం మీద వలంపురి అయిపోతుంది. ఇంకో మోసం ఉంది. అమెరికా తీరంలో పుట్టుకతోనే అటు తిరిగే వేరే జాతి గుల్లను తెచ్చి వలంపురిగా అమ్ముతారు. అసలు శంఖం నోటి లోపల, నడిమి కడ్డీ మీద మూడు నాలుగు మడతలు గట్లలా పైకి లేచి ఉంటాయి. అమెరికా గుల్లకు అవి ఉండవు. అందుకే శంఖాన్ని ఎన్ని కోణాల్లో తీసినా, చిన్న అద్దం ముక్కతో కిటికీ వెలుగును నోట్లోకి తిప్పి ఆ మడతలను ఒక ఫోటో విడిగా తీసి ఉంచండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. ఏ ఊరి శంఖమో, ఎవరు ఊదేదో వాళ్ల అనుమతితో ఫోటో వెనక రాయండి.