సంతకానికి ముందు

న్యాయ విజ్ఞాన సదస్సు అనగానే చాలామందికి బ్యానరు, వేదిక, సెక్షన్ల జాబితా గుర్తొస్తాయి. నాకు మాత్రం డ్వాక్రా సంఘం మీటింగు ముగిశాక, పొదుపు పుస్తకాలు సర్దుకుంటూ ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నే అసలు సదస్సు. "లాయరమ్మా, నాకు పెళ్లప్పుడే కట్నమిచ్చేశారు. ఇంక పుట్టింటి ఆస్తిలో నాకేముంటుంది?"

తెలుగునాట ఈ హక్కు కొత్తదేం కాదు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం అది అందలేదు. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తొలగించింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అక్కర్లేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు మాత్రం కదలవు.

ఇదంతా ఒక్క గుక్కలో చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకే ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఆ భూమి తాతలనాటిదా, నాన్న కొన్నదా? నాన్న పోతే వీలునామా రాశారా? స్వార్జితాన్ని ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు. రాయకుండా పోతే భార్యకూ తల్లికీ కొడుకులకూ కూతుళ్లకూ సమానమే. ఎవరింటి లెక్క వాళ్లు వేసుకున్నాకే, కట్నంతో హక్కు తీరిపోదన్న మాట నమ్ముతారు.

నమ్మినా చాలామంది కేసు వెయ్యరు. మొగుడితో గొడవైతే వెళ్లి నాలుగు రోజులు ఉండగల గడప పుట్టిల్లొక్కటే. కేసు వెయ్యకపోవడాన్ని చైతన్యం లేకపోవడమంటే ఒప్పుకోను. ఆ లెక్క వాళ్లకు నాకన్నా బాగా తెలుసు.

మరి సదస్సుతో ఒరిగేదేమిటి? తండ్రి దినాలయ్యాక రిజిస్ట్రారాఫీసుకు రమ్మని అన్న కబురు పెడతాడు. "ఏదో కాయితం, ఒక సంతకం" అంటాడు. తెలియని మనిషి పెట్టి వచ్చేస్తుంది. తెలిసిన మనిషి "ఏం రాశారో చదివి వినిపించన్నా" అంటుంది. అక్కడ మాటలు మొదలవుతాయి. అరెకరం కావచ్చు, పిల్ల చదువుకు కొంత డబ్బు కావచ్చు. చివరికి ఆమె అంతా వదిలేసినా, వదిలింది తన సొత్తేనని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

ఈమధ్య అన్నదమ్ముల్నీ రమ్మంటున్నాను. "మరి అప్పుల్లో?" అని వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఉమ్మడి ఆస్తి బాధ్యతలు కూడా కూతురికి కొడుకుతో సమానమేనని చట్టంలోనే ఉంది. అది విన్నాక వాళ్ల కోపం సగం దిగుతుంది.

కేసు వేస్తానన్న ఆమెకు ఖర్చు భయం అక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు. వెయ్యనన్న ఆమెకు చెప్పేది ఒక్కటే: చదివించుకోని కాయితం మీద వేలిముద్రైనా వెయ్యకు, నకలు తీసుకోకుండా ఆఫీసు దాటకు.